నాలుగు మార్కుల ప్రశ్న

మా వంటింటి కిటికీ గట్టు మీద పదకొండు గాజు సీసాలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఊరగాయ లేదు. ఒకప్పుడు హార్లిక్స్‌కీ, కాఫీపొడికీ, తేనెకీ కొలువు చేసి రిటైరైన ఆ సీసాలన్నిట్లో సగం దాకా నీళ్ళు, ఆ నీళ్ళలో తలా ఒక పుల్ల. కొన్ని మందారానివి, కొన్ని గులాబివి. మూడింటి సంగతి నాకే తెలియదు, అంటించిన చీటీలు తడిసి అక్షరాలు కరిగిపోయాయి. చుట్టాలొస్తున్నారంటే మా ఆవిడ ముందుగా ఆ కిటికీ తెర లాగేస్తుంది. అయినా ఎవరి కంటైనా పడి అడిగితే, "మావారు పెట్టిన పుల్లలండీ" అంటుంది. పుల్లలు పెట్టడమంటే తెలుగులో ఇంకో అర్థం ఉందని ఆవిడకి బాగా తెలుసు.

ఇంకో సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది, తరవాత బయటపడితే మరీ పరువు తక్కువ. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పినవాణ్ణి. శాఖీయ వ్యాప్తి పాఠమంటే నాకు మంచినీళ్ళప్రాయం. ఛేదనాలు, అంటు తొక్కడం, అంటు కట్టడం. బోర్డుకి ఎడమ పక్క బొమ్మలు, కుడి పక్క భాగాల పేర్లు, మధ్యలో రంగు సుద్దముక్కతో బాణాలు. రణపాల ఆకు అంచు గంటుల్లోంచి పిల్లమొక్కలు పుట్టుకు రావడం గీస్తుంటే చివరి బెంచీ వాళ్ళు కూడా నిద్ర ఆపి చూసేవారు. పరీక్షలో అది నాలుగు మార్కుల ప్రశ్న. నా దగ్గర చదివి ఆ నాలుగు మార్కులూ పోగొట్టుకున్నవాడు లేడు.

ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను నాటిన కొమ్మ కూడా లేదు. అవసరం పడలేదు మరి. రాజమండ్రిలో ఉన్నన్నాళ్ళూ మొక్క కావాలనిపిస్తే స్కూటరు తీసి కడియం వెళ్ళిపోయేవాణ్ణి. కడియపులంక దాటి కాలవ వెంట పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూచుని, కబుర్లు చెప్పుకుంటూ, చేతుల వైపు చూడకుండానే నల్ల కవర్లలో కొమ్మలు గుచ్చిపారేసేవారు. ఒకసారి నేను ఆగి, "కణుపు కింద ఏటవాలుగా కొయ్యాలమ్మా" అని సలహా ఇచ్చాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే, "కొన్నాక మీరు కోసుకోండి బాబూ" అంది. వ్యాపార దృష్టి తప్ప శాస్త్ర దృష్టి లేదనుకుని జాలిపడ్డాను.

రిటైరై పిల్లల దగ్గరకని హైదరాబాదు వచ్చాం. మూడో అంతస్తు, తూర్పు ముఖం బాల్కనీ, పొద్దున నాలుగు గంటలు ఎండ. ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి పక్కకి తిరగాల్సినంత వెడల్పు. ఇన్నాళ్ళకి పాఠాన్ని ప్రయోగంలో పెట్టే రోజు వచ్చిందని చంకలు గుద్దుకున్నాను.

మొదటి పుల్ల దొంగ సొత్తు. అడగకుండా తెచ్చిన మొక్క బాగా నాటుకుంటుందని మనవాళ్ళ నమ్మకం. మనీప్లాంట్ విషయంలోనైతే పెద్దపెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు కూడా నమ్ముతారు. పొద్దున నడకలో ఒక ఇంటి ప్రహరీ మీంచి ముద్దమందారం రోడ్డు మీదకి వంగి ఉండేది. రోడ్డు మీదకి వచ్చినది ప్రజలదే కదా అని నాలుగు రోజులు నాకు నేను న్యాయం చెప్పుకుని, ఐదో రోజు కత్తెర జేబులో వేసుకు వెళ్ళాను. చెయ్యి చాపానో లేదో గేటు తెరుచుకుంది. డెబ్భై దాటిన పెద్దావిడ. "పువ్వు కావాలా నాయనా?" అంది. "కొమ్మండీ" అన్నాను, కత్తెర ఇంకా గాల్లోనే ఉంది. "అడిగితే ఇవ్వనా?" అని లోపలికి వెళ్ళి, చేటంత మోపు కోసి తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఒక్కటీ బతకలేదు. దొంగతనం పూర్తవ్వకపోవడమే కారణమని నేను చాలాకాలం వాదించాను.

అసలు కారణం నా వైద్యం. వంటబల్ల మీద పాత హిందూ పేపరు పరిచి, బ్లేడు గ్యాసు మంట మీద కాల్చి, కణుపు కింద పావంగుళం వదిలి ఏటవాలుగా కోశాను. కింది ఆకులు తీసేశాను, పై ఆకుల్ని సగానికి కత్తిరించాను, నీరు ఆవిరై పోకుండా. చివరకి వేళ్ళు రప్పించే పొడి. అది చాలదని కలబంద గుజ్జు. బూజు పట్టకుండా దాల్చినచెక్క పొడి. ఎందుకైనా మంచిదని తేనె. తేనె మీద చీమలు వస్తాయని పసుపు. మా ఆవిడ టీ తాగుతూ అంతా చూసి, "మందారానికి ఇన్ని మందులా? పిల్లలకి జొరమొస్తే అరమాత్రతో సరిపెట్టారు" అంది. నేను వినిపించుకోకుండా ఒక్కో కుండీకి చీటీ అంటించి తారీఖు, వరస సంఖ్య రాశాను. పైన పాలిథిన్ కవరు గొడుగులా కప్పి రబ్బరు బ్యాండు వేశాను. లోపల తేమ నిలవడానికి. బాల్కనీ అత్యవసర వార్డులా తయారైంది.

పదో రోజుకి చిగురు! బఠాణీ గింజంత ఆకుపచ్చ. వీధంతా వినబడేలా పిలిచాను. అమ్మాయికి వీడియో కాల్ చేసి చూపించాను. మనవడు, "తాతయ్యా, ఆకు ఎక్కడ?" అని మూడుసార్లు అడిగాడు. పాత సహోద్యోగులు ముగ్గురికి ఫోటో పంపించాను, వాళ్ళలో ఇద్దరు జువాలజీ అయినా సరే. ఇంకో వారానికి ఆ చిగుళ్ళన్నీ ఒకేసారి తలలు వాల్చేశాయి. అప్పుడు గుర్తొచ్చింది, నేనే ఏటేటా చెప్పిన మాట. కొమ్మ తనలో దాచుకున్న పిండిపదార్థంతో వేరు లేకుండానే చిగురు తొడగగలదు. నిల్వ డబ్బు అయిపోయాక చూడాలి సంసారం. పెళ్ళిచూపుల నాటి సిల్కు చొక్కా చూసి ఆస్తిని లెక్క కట్టినట్టు, నేను చిగురు చూసి వేరుందనుకున్నాను. మారాకు వేసేదాకా నోరు మూసుకోవాలని మా అమ్మ అనేది. ఆవిడ బోటనీ చదవలేదు.

వేరు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను కనిపెట్టిన పద్ధతి గురించి కూడా చెప్పాలి. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోగానే ప్రతి పుల్లనీ కాస్త పైకి లాగి చూసేవాణ్ణి. వేరుంటే పట్టి లాగుతుంది, లేకపోతే ఊడొస్తుంది. ఊడొచ్చింది కాబట్టి మళ్ళీ గుచ్చేవాణ్ణి. గోరింటాకు పెట్టుకున్న చిన్నపిల్ల పండిందా లేదా అని ఐదు నిమిషాలకోసారి గీరి చూసుకున్నట్టు. అప్పుడే పుట్టబోతున్న వెంట్రుకవాసి వేళ్ళు రోజూ నా చేతిలో తెగిపోతున్నాయన్న మాట, రెండు నెలల తరవాత స్నానం చేస్తుంటే తట్టింది.

గులాబి కథ మరీ సిగ్గుచేటు. మా తోడల్లుడుగారు వనపర్తి నుంచి వస్తూ వాళ్ళ పెరట్లోని నాటు గులాబి కొమ్మలు, ఆకులన్నీ దూసేసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. పెన్సిలంత లావున తొమ్మిది పుల్లలు. రెండు వైపులా ఒకేలా కోసి ఉన్నాయి. మామూలుగా తెలిసినవాళ్ళు కింది కొస ఏటవాలుగా, పై కొస అడ్డంగా కోస్తారు, తారుమారు కాకుండా. ఎందుకంటే పుల్లకి తల, కాళ్ళు ఉంటాయి. కొసన పుట్టిన ఆక్సిన్ అనే హార్మోను కిందకే నడుస్తుంది, కింది కోత దగ్గర పోగుపడి వేళ్ళు పుట్టిస్తుంది. 1928లో డచ్చివాడు వెంట్, ఓట్ మొలకల కొసలు కోసి అగార్ ముక్కల మీద నిలబెట్టి, అందులోకి దిగిన ఆక్సిన్‌ని పట్టుకున్న కథ నేను అభినయంతో సహా చెప్పేవాణ్ణి. కొమ్మని తలకిందులు చేసినా వేరు తన పాత కాలి వైపే పుడుతుందని, దాన్ని ధ్రువత్వం అంటారని కూడా చెప్పేవాణ్ణి. ఆ ధ్రువత్వం తెలిసినవాడు తొమ్మిది పుల్లలూ శ్రద్ధగా, సమాన దూరంలో, వరసలో గుచ్చాడు.

సాయంత్రం బట్టలు తియ్యడానికి వచ్చిన మా ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "ఏమండీ, గులాబి ముళ్ళు కిందకి కదా వంగుంటాయి? వీటివి ఆకాశం వైపు చూస్తున్నాయేంటి?"

తొమ్మిదికి ఏడు శీర్షాసనంలో ఉన్నాయి. మిగిలిన రెండూ ఎలా నిటారుగా వచ్చాయో నాకు తెలియదు.

ఈ అవమానం తరవాత కొమ్మల జోలి మాని, నర్సరీ నుంచి అంటు గులాబినే కొనుక్కొచ్చాను. చేతి వెడల్పు ముద్ద పువ్వు, కుంకుమ రంగు. రెండు నెలల్లో పైన కొమ్మలు నల్లబడి ఎండాయి. నేను దిగులు పడుతుంటే మొదట్లోంచి ఒక కొత్త రెమ్మ లేచింది. అబ్బో, ఏం బలం! వారానికి జానెడు. ఇదిగో పట్టుదల అంటే అని, దానికి టీపిప్పి, ఎండబెట్టిన అరటితొక్కలు, గుడ్డుపెంకుల పొడి, వర్మికంపోస్టు, ఇంట్లో నాకు పెట్టని మర్యాదలన్నీ చేశాను. ఏడాది మేపాను. అది బాల్కనీ ఊచలకి అల్లుకుని, ఆరేసిన చీరలు రెండు చింపి, చివరకి పూసింది. చొక్కా గుండీ అంత, పాలిపోయిన తెలుపు, ఒంటి రెక్కలు. అంటులో పై కొమ్మ ఒక జాతి, కింద వేరుది ఇంకో మొరటు జాతి. పైది పోతే కిందది లేస్తుంది. అద్దెకున్న షోకుల మనిషి ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోతే, నేను ఏడాదిగా ఇంటివాడికి క్యారేజీ పంపిస్తున్నానన్న మాట. ఈ ప్రశ్న కూడా నేను పరీక్షలో ఇచ్చాను.

టేబుల్ రోజ్ కూడా చంపాను. దాని గురించి ఎక్కువ మాట్లాడను. గిల్లి పడేస్తే సిమెంటు పగుల్లో కూడా పెరిగే మొక్కని, రోజుకి రెండు పూటలా నీళ్ళు పోసి కుళ్ళబెట్టాలంటే దానికొక సాధన కావాలి.

ఒక్క గెలుపు ఉంది, అదైనా చెప్పుకోనివ్వండి. నర్సరీ మేళాలో ఆఫ్రికన్ వయొలెట్ కొన్నాను, ఊదా పువ్వు, బొచ్చు ఆకులు. 1892లో వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ అనే జర్మన్ అధికారి తూర్పు ఆఫ్రికాలోని ఉసంబరా కొండల్లో చూసి స్వదేశంలో తండ్రికి పంపిన మొక్క, ఆయన పేరే చాన్నాళ్ళు దాని ప్రజాతికి ఉండేది. దాని ఆకుని కాడతో సహా తుంచి తడి కొబ్బరిపొట్టులో గుచ్చితే కాడ మొదట్లో పిల్లలు పుడతాయి. పుట్టాయి! రెండు నెలలకి, చెవిపోగులంత పిల్లలు, ఐదు. లాగి చూడలేదు. ఒట్టు. అది ఏప్రిల్ నెల. ఆ కొండల మొక్కకి మా ఊరి మే నెల గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. మంచాన్ని ఫ్యాను కిందనుంచి జరిపి వాటిని అక్కడ పెట్టాను. మా ఆవిడ దిండు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. నేను చెమటలో, అవి గాలిలో పదిరోజులు గడిపాం. పదకొండో రోజు కరెంటు పోయింది.

ఇంతలో బాల్కనీ అవతలి మూల ఇంకో కథ నడుస్తోంది, నేను చూడలేదు. మా ఆవిడ మిరపమొక్క కాయల బరువుకి వాలిపోతుంటే ఊతంగా ఒక పుల్ల గుచ్చింది. నందివర్ధనం కొమ్మ, కింద వాచ్‌మన్ కత్తిరించి పడేసినది. ఏటవాలు కోత లేదు, పొడి లేదు, గొడుగు లేదు, తారీఖు లేదు. పురికొసతో మిరపకి కట్టి మరిచిపోయింది. వానాకాలం దాటేసరికి మిరప పోయింది, ఊతకర్ర పూసింది. "చేతి వాసండీ" అన్నారు పక్క ఫ్లాట్ పిన్నిగారు. నాకు చేతి వాసి మీద నమ్మకం లేదు. 1902లో హేబర్లాంట్ చెప్పాడు, మొక్కలోని ప్రతి బతికున్న కణంలోనూ పూర్తి మొక్కగా ఎదిగే శక్తి దాగి ఉంటుందని. 1958లో స్టీవార్డ్ క్యారెట్ ముక్కలోని కణాల నుంచి మొక్కనే తీసి చూపించాడు. ఆ శక్తి పేరు టోటిపొటెన్సీ. మా ఆవిడ పేరు అది కాదు.

అయినా ఫలితాన్ని ఒప్పుకోవాలి కదా. ఆవిడ పద్ధతిని పరిశీలించి, విజయ రహస్యం పట్టించుకోకపోవడమేనని తేల్చాను. ఇక నేను కూడా పట్టించుకోకూడదని నిర్ణయించుకుని, కొత్త మందారం పుల్లలు గుచ్చి, వాటి వైపు చూడకుండా ఉండే వేళలు ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. పొద్దున ఆరు నుంచి పది దాకా చూడలేదు. టిక్కు. పది నుంచి ఒంటిగంట దాకా చూడలేదు. టిక్కు. చూడకుండా ఉన్నానా లేదా అని చూసుకోవడానికి గంటగంటకీ బాల్కనీలోకి వెళ్ళేవాణ్ణి.

అప్పుడు వచ్చింది బ్రహ్మకమలం. మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, ఒక పొడవాటి ఆకు పేపర్లో చుట్టి ఇచ్చారు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పడేసి వారం రోజులు మరిచిపోయింది. గుర్తొచ్చాక పెరుగు డబ్బాలో కాస్త ఇసకమట్టి వేసి గుచ్చింది. నాటుకుంది. వెంటనే గుచ్చి ఉంటే కుళ్ళేది, కోత ఎండి పెచ్చు కట్టింది కాబట్టి బతికిందని నేను వివరించాను. "అంటే మరిచిపోవడం మంచిదేగా" అంది.

మూడేళ్ళకి మొగ్గ వేసింది. కొంగ మెడలా వంగి, కొసన బుగ్గ. జూలై నెలలో ఒక సాయంత్రం ఆ మెడ పైకి లేచింది, ఈ రాత్రికే విచ్చుకుంటుందన్నారు. కబురు లిఫ్టులో పాకింది. తొమ్మిదింటికల్లా మా హాల్లో పదిహేడు మంది. ఒకరు కొబ్బరికాయ, ఒకరు హారతి కర్పూరం, పై ఫ్లాట్ అమ్మాయి ఫోను నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు. రిటైరైన ఇన్నాళ్ళకి నా ముందు మళ్ళీ ఒక నిండు క్లాసు కూచుంది. ఎలా ఊరుకోను?

బాల్కనీ గుమ్మంలో పువ్వుకి వీపు పెట్టి నిలబడి మొదలెట్టాను. ఇది అసలు బ్రహ్మకమలం కాదు. అసలుది హిమాలయాల్లో, ఎత్తయిన కొండల మీద పెరుగుతుంది, ఉత్తరాఖండ్ రాష్ట్రపుష్పం, చామంతి కుటుంబం. ఇదేమో మెక్సికో, గ్వాటెమాలా వైపు అడవుల నుంచి వచ్చిన నాగజెముడు కుటుంబపు మొక్క. పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. పోతే, మీరందరూ ఆకు ఆకు అంటున్నారే, అది ఆకు కాదు. కాండం. చదునుగా అణిగి ఆకులా కనిపించే కాండం. అందుకే గుచ్చితే నాటుకుంటుంది, ఆ గంటుల దగ్గరే మొగ్గలు వేస్తుంది. చాలామంది చేసే పొరపాటేమిటంటే...

అందరి కళ్ళూ పెద్దవయ్యాయి. కొందరు చేతులు జోడించారు. నా పాఠానికి ఇంత స్పందన కాలేజీలో ఎన్నడూ రాలేదు. గొంతు పెంచాను. వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు, నా వెనకాల రెక్కలు విప్పుకుంటున్నదాన్ని చూస్తున్నారని. "కొంచెం పక్కకి జరగండి మాస్టారూ" అన్నారు పిన్నిగారు, హారతి పళ్ళెంతో. జరిగాను. మూడేళ్ళు ఎదురుచూసిన పువ్వు విచ్చుకోవడం నేను తప్ప అందరూ చూశారు. పై ఫ్లాట్ అమ్మాయి తీసిన వీడియోలో మూడొంతులు నా భుజం ఉంది.

తెల్లారేసరికి పువ్వు వడలి వేలాడుతోంది, గుమ్మం ముందు జనం. అందరికీ ఆకు కావాలి. మా ఆవిడ కత్తెర తీసుకుని పద్నాలుగు ముక్కలు కోసి పంచింది, శ్రావణ శుక్రవారం వాయనంలా. ప్రతి ముక్కతో పాటు నేను ఒక కాగితం ఇచ్చాను. రెండు పేజీలు, బొమ్మతో, భాగాల పేర్లతో. ఇచ్చి లోపలికి తిరగ్గానే గుమ్మం దగ్గర మా ఆవిడ గుసగుస వినబడింది. "ఆ కాగితం పక్కన పెట్టండి. గుచ్చి వదిలేయండి, అంతే."

పద్నాలుగూ బతికాయి. మా పెరుగు డబ్బా తల్లిమొక్క మాత్రం, ఇంత పూసి నీరసపడి ఉంటుందని నేను పెట్టిన బలానికి, ఆగస్టు నెలాఖరుకి మొదలు మెత్తబడి కూలిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. డబ్బా కడిగి, మళ్ళీ పెరుగు తోడేసింది. ఆ పెరుగు వడ్డించేటప్పుడు నా కంచం వైపు చూసిన చూపు ఉంది చూశారూ, దానికన్నా నాలుగు మాటలు నయం.

రెండో అంతస్తు వాళ్ళు వాళ్ళ కుండీని మెట్ల దగ్గర వరండాలో పెట్టుకున్నారు. ఆరు రెమ్మలు చిగురించి గొడుగులా ఉంది. అడగవచ్చు. నిజమే. కానీ మొక్క ఇచ్చిన ఇంటివాడే మళ్ళీ వెళ్ళి, కాగితం ఇచ్చినవాడే, చచ్చిపోయింది ఒక ముక్క పెట్టండి అని ఎలా అడుగుతాడు? పైగా అడగకుండా తెచ్చినదే బాగా నాటుకుంటుంది. ఆ ప్రయోగం నాకింకా పూర్తి కాలేదు.

మొన్న రాత్రి పదకొండు దాటాక, లిఫ్టు చప్పుడవుతుందని మెట్ల మీదగా దిగాను. బ్లేడు కాల్చి జేబులో పెట్టుకున్నాను, శాస్త్రం శాస్త్రమే. వంగి ఒక లేత ముక్క ఎంచుకున్నానో లేదో లైటు వెలిగింది. తలుపు తీసి ఆ ఇంటావిడ, చేతిలో చెత్తబుట్టతో.

"ఆకు కోస్తున్నారా మాస్టారూ?"

"ఆకు కాదమ్మా," అన్నాను, బ్లేడు వెనక్కి దాచుకుంటూ. "కాండం."